మాలలో ఉన్నవాడి మీద వేసిన నింద

పదకొండేళ్లుగా ఒక తప్పు నా గుండెల మీద కూర్చుని ఉంది. దాన్ని చనిపోయిన మనిషి మీద మోపాను. మోస్తున్నది నేనేనా? అతని తల్లి మోస్తోంది. నేను చూస్తున్నాను.

సిరిసిల్లలో మా తాత షెడ్డులోకి ఎవరైనా తలవంచే వచ్చేవారు. నా చేతికొచ్చేసరికి పన్నెండు సాంచలు, అంటే మరమగ్గాలు, మిగిలాయి. మా తల పొగరు మాత్రం తరగలేదు. నరేష్ నా దగ్గర నేసేవాడు. ఇరవై మూడేళ్లుంటాయి. పని దిగి ఇంటికి పోగానే, బీడీలు చుట్టే తల్లికి ఆకు కత్తిరించి ఇచ్చేవాడు. చెల్లెలిని చదివించేవాడు. ఏటా కొండగట్టు అంజన్న దీక్ష పట్టి మాల వేసుకునేవాడు. మాలలో ఉన్నవాడిని ఎంతవారైనా స్వామి అనే పిలవాలి. నేను పిలవలేదు. నా సాంచ నడిపేవాడిని నేను స్వామి అనడమా?

ఆ మధ్యాహ్నం అతను నా దగ్గరికి వచ్చాడు.

“సేటు, ఏడో సాంచ కరెంటు కొడ్తుంది. బంద్ పెట్టుండ్రి. మాలల ఉన్న, చెప్పులేసుకోరాదు.”

నాకు ముందురోజే తెలుసు. దాన్ని ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. అయినా అందరి ముందు అతను చెబితే నేను ఆపాలా?

“మాలేసుకోంగనే నాకే హుకుం జేస్తున్నవా?”

“స్వామి అనాలె సేటు,” అన్నాడు పక్క సాంచ మీది మల్లయ్య. మళ్లీ తనే నవ్వాడు. “సేటుకు నోరు తిరుగదు తియ్!”

ఆ నవ్వు నన్ను కాల్చింది. “నడుపుతవా, ఇంటికి పోతవా?” అని నరేష్‌ను అడిగాను.

“నడుపుత స్వామీ,” అన్నాడు. మాలలో ఉన్నవారు ఎదుటివారినీ అలాగే పిలుస్తారు.

మిగతావాళ్లు అన్నానికి పోయినప్పుడు పడిపోయాడు. నేను మెయిన్ ఆపాను. ఊడిన తీగకు టేపు చుట్టాను. ఆ తర్వాతే అతన్ని తిప్పి చూశాను. ముందు ఏది చేశానో, తర్వాత ఏది చేశానో మీరు గమనించాలి.

“ఒక్కపూట తిండి. కండ్లు తిరిగి పడ్డడు,” అని తల్లితో చెప్పాను. “మాలల ఏదో తప్పు జరిగినట్టుంది అవ్వా. దేహాన్ని కోయనియ్యకు.”

ఆమె నమ్మింది. దేవుడి పేరు చెప్పాను కాబట్టి నమ్మింది. మల్లయ్య నా మొహం చూసి ఊరుకున్నాడు. కొన్నాళ్లకు దుబాయి పోయాడు.

ఇప్పుడు షెడ్డు లేదు. కోరుట్లలో అద్దెకుంటున్నాను. కొడుకు తప్పు తీరాలని ఆమె ఏటా సిరిసిల్ల నుంచి కొండగట్టుకు చెప్పుల్లేకుండా నడుస్తుంది. అటునుంచి జగిత్యాల మీదుగా బస్సులో వచ్చి నాకు ప్రసాదం ఇస్తుంది. ఆమె వచ్చే రోజు నాకు ముందే తెలుస్తుంది. పొద్దున్నే ఇనుప గేటు ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. ఆ గేటు దగ్గర తీగే లేదు. కరెంటు మనిషిని పిలిచి రెండుసార్లు చూపించాను.

ఈ ఏడు వచ్చినప్పుడు ఆమె నా మొహంలోకి చూస్తూ అడిగింది.

“కలల అస్తడు సేటు. ఇంటి కడప దాటి లోపటికి రాడు. ఏం తప్పు జేసినవ్ కొడుకా అంటే చెప్పడు, మీ ఇంటి దిక్కు చూస్తడు. మీకేమన్న చెప్పిండా?”

“లేదవ్వా,” అన్నాను.

అతని దీక్షలో ఏ తప్పూ జరగలేదు. అతన్ని చంపింది నా మాట. ఇది ఆమెతో అనవలసిన మాట, మీతో అంటున్నాను. ఆమెకు చదవడం రాదు. అది తెలిసే రాశాను. అయినా నిజం ఇవాళ నా ఒంట్లోంచి ఒక కాగితం మీదికి దిగింది. కాస్త ఊపిరాడుతోంది.