అత్త తుపాకీ, చేతి టార్చీ

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను శ్రీకాకుళంలో నా కొట్లో కూర్చుని ఎవరి ఫోనుకో గ్లాసు అతికిస్తున్నాను. ఫోను చేసింది అత్త కూతురు, నా మరదలు. "బావా, అమ్మ పోనాది. పొద్దున్న టీ తాగి గడప మీద కూకుంది. అలగే ఒరిగిపోనాది" అంది. నేను నోరు తెరిచేలోపే, "తుపాకీ ఇంట్లోనే ఉన్నాది. ఏటి సెయ్యాలో నాకు తెల్డం నేదు, బేగి రా" అని కూడా అంది. గ్లాసు కింద గాలి బుడగ ఉండిపోయింది. ఫోను తాలూకు మనిషి అది చూపించి ఏదో అంటున్నా వినిపించుకోకుండా షట్టరు దించేశాను.

బస్సెక్కానే గానీ కుదురుగా కూర్చోలేకపోయాను. ఏడుపు రాలేదు. మనిషి పోయిన ఇంట్లో తుపాకీ ఉంది, దాన్ని ఏం చేస్తారు అన్నదే బుర్రలో తిరిగింది. ఇంకో మాట కూడా చెప్పేస్తాను, దాచుకుని లాభం లేదు. అది నాకు వస్తుందేమో అన్న ఆశ కూడా దాంతోపాటే తిరిగింది. చిన్నప్పటి నుంచీ నాకు దాని మీద కన్ను.

అత్తది భావనపాడు వైపు జీడితోట. కొన్ని కొబ్బరిచెట్లు, మధ్యలో రెండు గదుల ఇల్లు. కేకేస్తే పలికేంత దూరంలో మరో ఇల్లు లేదు. మావయ్య ఉన్న రోజుల్లో లైసెన్సు తీసుకుని కొన్న డబుల్ బ్యారెల్ తుపాకీ అది. ఆయన పోయాక పోలీసులకి ఇచ్చెయ్యమని అందరూ చెప్పారు. అత్త వినలేదు. లైసెన్సు తన పేరు మీద ఇమ్మని ఆఫీసుల చుట్టూ తిరిగింది. "ఆడమనిషివి, నీకెందుకమ్మా తుపాకీ?" అని ఒక గుమస్తా అడిగాడట. "దొంగోడు ఆడమనిషిని సూసి ఎనక్కి ఎల్లిపోతాడేటి బాబూ?" అందట అత్త.

దొంగల సంగతి ఎలా ఉన్నా, మా వైపు ఎలుగుబంట్ల బెడద నిజం. జీడిపళ్ల కాలంలో, పనసపళ్ల కాలంలో పెరట్లోకే వచ్చేస్తాయి. బయటి ఊళ్లవాళ్లకి చెబితే నవ్వుతారు. వాటిని చంపడానికి చట్టం ఒప్పుకోదు, అత్త అంతకన్నా ఒప్పుకోదు. నాకు తెలిసి ఆ తుపాకీ మూడుసార్లు పేలింది. మూడూ ఆకాశంలోకే, జడిపించడానికి.

నేను అమ్ముకునేవి సెల్‌ఫోను కవర్లు, గ్లాసులు, చార్జర్లు, స్టాండులు. అసలు వస్తువుకన్నా దానికి తగిలించేవే నాకు అన్నం పెడతాయి. అందుకే ఒకసారి అత్త, "తుపాకీ మడం భుజానికి గట్టిగా తన్నతంది, మెత్తటిదేదైనా ఏయించాల, విశాపట్నం ఎల్దాం రా" అన్నప్పుడు నాకు పండగొచ్చినట్టయింది. వారం రోజులు కొట్లో కూర్చుని వీడియోలు చూశాను. ఇంటి కాపలా తుపాకీకి ఏమేం కావాలో లోకంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదనుకున్నాను.

మావయ్య పాత దుప్పట్లో తుపాకీ చుట్టి, లైసెన్సు పుస్తకం చేతిసంచిలో పెట్టుకుని అత్త అద్దె కారెక్కింది. విశాఖలో తుపాకుల కొట్టాయన పెద్దవయసు మనిషి. ఆయన ముందు నేను ఏకరువు పెట్టాను. గొట్టానికి బిగించే టార్చి కావాలి. గురి చూడ్డానికి ఎర్ర చుక్క పడే లేజరు కావాలి. మడమకి తూటాలు దోపుకునే పట్టీ కావాలి. భుజాన వేసుకునే తోలు బెల్టు కావాలి. అత్త స్టూలు మీద కూర్చుని అంతా విన్నది.

"అయిపోనాదా? నీ కొట్లో ఫోనుకన్నా దాని సింగారవే ఎక్కువ. ఇప్పుడు దీన్ని కూడా పెళ్లికూతుర్ని సేస్తావేటి?" అంది. కొట్టాయన నవ్వాపుకోలేకపోయాడు.

తర్వాత తనే ఒక్కొక్కటీ తేల్చింది. మడమకి రబ్బరు మెత్త వేయించింది. తన చేతులు పొట్టివి కాబట్టి తుపాకీ మూడుసార్లు భుజానికి ఆనించి చూసుకుని, మడమ కొంచెం కోయించి మరీ వేయించింది. మీట దగ్గర వేలు దూరకుండా బిగించే తాళం తీసుకుంది. ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది కనక గొట్టం తుడిచే కడ్డీ, నూనె తీసుకుంది. బెల్టు వద్దంది. "భుజానేసుకుని ఊరేగతానేటి?" తూటాల పట్టీ అసలే వద్దంది. "తూటాలు ఒక గదిలో ఉండాల, తుపాకీ ఒక గదిలో ఉండాల. రెంటికీ మద్దిన నాను నడవాల. ఆ నడిసేలోపల బుర్ర పని సేస్తాది."

ఇక టార్చి దగ్గర పేచీ పడింది. గొట్టానికి బిగిస్తే రెండు చేతులూ తుపాకీ మీదే ఉంటాయి, సుఖం అని నేను వాదించాను. అత్త ఆ టార్చిని తిప్పి తిప్పి చూసింది.

"అంటే ఎదటోడు ఎవులో తెల్సుకోవాలంటే ఆడి మీదికి తుపాకీ ఎత్తాలన్నమాట. ఎదర ఉన్నది నువ్వే అయితే?"

"అందరూ ఇదే వాడతన్నారత్తా!"

"అందరికీ మేనల్లుడు నేడేటి?"

పక్క వీధిలో మామూలు స్టీలు టార్చి ఒకటి కొనుక్కుంది, చేత్తో పట్టుకునేది. "ముందు కాళ్ల మీద ఎయ్యాల టార్చి ఎలుగు. మొకం మీదేస్తే మనిషి బెదిరిపోతాడు. ముందు కాళ్లు సూడాల, కాళ్లు అన్నీ సెప్తాయి" అంది. దారిపొడుగునా నేను మూతి ముడుచుకునే కూర్చున్నాను. అత్త పట్టించుకోలేదు, మధ్యలో ఆపి నాకు ముంజికాయలు కొనిపెట్టింది.

ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి కదా. అత్త ఎవరూ చెప్పకముందే అదే దుప్పట్లో చుట్టుకుని ఆటోలో వెళ్లి ఇచ్చి వచ్చేది. తుపాకీ లేని ఆ రోజుల్లో భయం వెయ్యదా అని అడిగాను. "బయమా? ఆ నెల్లాళ్లే నాకు బాగా నిద్దర పడతాది" అంది. మరైతే ఎందుకు తెచ్చుకుంటావంటే, "తోట నాది కదేటి" అంది. ఈ రెండు మాటలకీ పొత్తు ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ తర్వాత తుపాను వచ్చింది. ఫోన్లు పలకలేదు. అత్త ఎలా ఉందోనని గాలి కాస్త తగ్గగానే బయల్దేరాను. మధ్యాహ్నమే, కానీ మబ్బుకి సాయంత్రంలా ఉంది. గేటు దారి నిండా చెట్లు కూలిపోయి ఉన్నాయి. చుట్టూ తిరిగి పెరటి వైపు నుంచి, పడిపోయిన కొబ్బరిచెట్టు కింద నాలుగు కాళ్ల మీద పాకుతూ వెళ్లాను. ఒంటి మీద నల్ల రెయిన్‌కోటు. నేనేం వేషంలో ఉన్నానో నాకు తట్టలేదు. అరిచి పిలవాలన్న ఇంగితం కూడా లేకపోయింది. వంటింటి తలుపు తెరుచుకుంది. ఒక వెలుగు నా మోకాళ్ల మీద పడి, అక్కణ్ణించి వెనక్కి జరిగి, కాళ్ల దగ్గర ఆగింది.

"ఎలుగుగొడ్డు సెప్పులేసుకోదు కదా" అంది అత్త గొంతు. "ఎవుల్రా అది?"

తుపాకీ చంకలో ఉంది, గొట్టాలు నేలకేసి ఉన్నాయి. టార్చి ఎడమచేతిలో ఉంది. నన్ను లోపలికి లాక్కుని తల తుడుస్తూ నోటికొచ్చినట్టు తిట్టింది. తూటాలు తీసి పక్క గదిలో పెట్టొచ్చి మళ్లీ తిట్టింది. నేను కొనమన్న టార్చి కొని ఉంటే ఏమయ్యేదో మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంత జరిగాక కూడా నాకు బుద్ధి వచ్చిందా అంటే, రాలేదు. అత్త పోయిన మూడో రోజున మరదలు అడిగింది. "తోట నువ్వే సూసుకుంటావు కదా బావా, తుపాకీ నీ పేరు మీదకి పెట్టించుకుంటావా?" ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించడానికి ఏముంది, అప్పటికే మనసులో దరఖాస్తు రాసేసుకున్నాను. ఆమె వంటచెరుకు కోసం తోటలోకి వెళ్లింది. నేను ఆగలేక తుపాకీ తీసి పెరటి అరుగు మీదకి వచ్చి భుజానికి ఆనించి చూసుకున్నాను. అత్తకి సరిపడా కోసిన మడమ నాకు పొట్టిగా, ఇరుకుగా ఉంది.

జీడిచెట్ల కింద ఎండుటాకులు గరగరలాడాయి. గిరుక్కున తిరిగాను. నాతోపాటే గొట్టాలూ తిరిగాయి. వేలు మీట కోసం వెతుక్కుంటూ వెళ్లి తాళం ఇనుముకి తగిలింది.

"బావా! నానే!"

తల మీద కొబ్బరిమట్టల మోపుతో కొమ్మల కింద వంగి వస్తోంది మరదలు. పట్టపగలు, ఎండ కాస్తోంది. మట్టలు మొహాన్ని కప్పేశాయి గానీ చీర కనిపిస్తోంది, పాదాలు కనిపిస్తున్నాయి. నేను చూడలేదు. తూటాలు లేవని తెలుసు, తాళం ఉందని తెలుసు. ఆ క్షణంలో నాకు ఏదీ తెలియలేదు. తుపాకీ కింద పెట్టి అరుగు మీద కూలబడ్డాను. అత్త పోయాక నాకు ఏడుపు వచ్చింది అప్పుడే. మరదలు మోపు దించి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఇచ్చీద్దాం" అన్నాను చివరికి. తను లోపలికి వెళ్లి మావయ్య దుప్పటి తెచ్చింది.

అదే దుప్పట్లో చుట్టి, కాగితాలు పట్టుకుని ఇద్దరం స్టేషన్‌కి వెళ్లాం. దుప్పటి చూడగానే గుర్తుపట్టాడు అక్కడి కానిస్టేబులు. "అమ్మేదీ? రానేదేటి? ఇప్పుడు ఎలచ్చన్లు నేవు కదా" అన్నాడు. మరదలు చెప్పింది. అతను లేచి నిలబడి టోపీ తీశాడు. దుప్పటి మడతల్లోంచి అత్త స్టీలు టార్చి బయటపడితే, "ఇది తుపాకీ తాలూకుది కాదు, ఇంటికి పట్టుకెళ్లిపొండి" అని నా చేతికిచ్చాడు.

ఇప్పుడది కొట్లో, చార్జర్ల అర పక్కన ఉంటుంది. స్విచ్చి దగ్గర అత్త బొటనవేలు ఆడి ఆడి నున్నగా అరిగింది. ఎవరైనా బేరమాడితే అమ్మేది కాదని చెబుతాను. రాత్రిళ్లు నిద్ర సరిగా పడుతోందని మాత్రం చెప్పలేను. కళ్లు మూసుకుంటే ఆ గొట్టాలు మరదలి వైపు తిరగడమే కనిపిస్తుంది.

మొన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళకి కరెంటు పోయింది. గుమ్మంలో ఎవరో వచ్చి నిలబడ్డారు. టార్చి తీసి నేలకేసి వెలిగించాను. అరిగిన రబ్బరు చెప్పులు, పగిలిన మడమలు, వేళ్ల సందుల్లో ఎర్రమట్టి. తోటలోంచి వచ్చిన అత్త కాళ్లూ ఇలాగే ఉండేవి. ఎవరో పెద్దావిడ. "ఫోను సార్జరుందేటి బాబూ?" అంటోంది. ఉందని చెప్పాలి. వెలుగు అలాగే ఆ పాదాల మీద ఉంచి కాసేపు నిలబడిపోయాను. పైకి ఎత్తబుద్ధి కాలేదు.