వీరభద్రం గారి అరలు

వీరభద్రం గారు కోనసీమలోని స్వగ్రామంలో పరమపదించారన్న వార్త మొన్న ఈ ఎడారి దేశంలో, దజీజ్‌లోని మా ఆఫీసులో ఉండగానే తెలిసింది. దుఃఖం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గును దాచుకొని ఆయనకు నివాళి రాయడం మహాపాపం.

మా గిడ్డంగుల కంపెనీలో సర్వర్ల బాధ్యత ఆయనదే. కొన్ని సాఫ్ట్‌వేర్లు సిద్ధంగా దొరకవు. సోర్స్ కోడ్ అనే మూలరూపం తెచ్చి మన యంత్రం మీదే నిర్మించుకోవాలి. అవి తమ ఫైళ్లను వ్యవస్థంతా వెదజల్లుతాయి. ఏది దేనిదో తర్వాత బ్రహ్మదేవుడికీ తెలియదు. వీరభద్రం గారి పద్ధతి నిరాడంబరం. ఒక్కోదానికి ఒక్కో ఫోల్డరు. దాన్నాయన ‘అర’ అనేవారు. అందరూ వాడే చోట అరను చూపే లింకులు మాత్రమే ఉంటాయి. వద్దనుకుంటే లింకులు తెంపి, అర తీసేయడమే. ప్రతి అరలోనూ తెలుగులో ఒక చీటీ: పెట్టినదెవరు, ఎందుకు.

"పెట్టడం ఎవడైనా పెడతాడండీ. తీసే దారి తెలిసినోడే పెట్టాల" అనేవారు.

కడప నుంచి కొత్తగా వచ్చిన నాకదంతా చాదస్తంగా తోచింది. "ఏంది సార్, మా అవ్వ ఊరగాయ జాడీలకు చీటీలు అంటించినట్ల!" అని అందరి ముందూ ఎగతాళి చేశాను. "ఆయ్! మీ అవ్వగారి జాడీలు ఎప్పుడైనా తారుమారయ్యాయా అబ్బాయ్?" అన్నారాయన. అందరూ ఘొల్లుమన్నారు. నా మొహం మాడిపోయింది.

ఆ ఉక్రోషంతోనే, ఆయన సెలవులో ఉండగా, ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌ను అరా చీటీ లేకుండా నేరుగా సర్వర్‌లోకి దింపాను. అది పాతవాటి ఫైళ్ల మీద కూర్చుంది. మర్నాడు సరుకు పత్రాలు రాలేదు. లారీలు గేటు దగ్గరే నిలిచిపోయాయి. తీసేద్దామంటే ఏవి నావో నాకే తెలియలేదు.

ఆయన సెలవు మానుకొని వచ్చి, రెండు రోజులు కూర్చొని ఒక్కో ఫైలూ ఏరి ఒక కొత్త అరలో పెట్టారు. "ఎవరి పని ఇది?" అని ముదీర్, అంటే మా పైఅధికారి, గద్దించాడు. నేను నేలచూపులు చూశాను. "సర్వర్ నాది, తప్పూ నాదే" అన్నారు వీరభద్రం గారు. దాంతో, ఇక్కడ ఉండేందుకు కావలసిన ఆయన ఇఖామా మళ్లీ రెన్యువల్ కాలేదు.

రిగ్గై పేటలో ఆయన అద్దె గది ఖాళీ చేసే రోజున, "ఇప్పుడన్నా నిజం చెప్తా సార్" అన్నాను. "ఖలాస్ అబ్బాయ్, అయిపోయిందిలే. నీకు చిన్నపిల్లలున్నారు" అన్నారు. ఛీ! ఆ మాటకు నా ప్రాణం కుదుటపడింది. అదే ఈనాటికీ నన్ను దహిస్తున్నది.

మరణవార్త విన్నాక, ఇన్నేళ్లూ తెరవడానికి భయపడ్డ ఆ అర తెరిచాను. నేను చిందరవందర చేసినదంతా అందులో పొందికగా ఉంది. చీటీ చదివాను: ‘పెట్టినది వీరభద్రం. తొందరపడ్డాను. లింకులు తెంపి ఈ అర తీసేయండి, మరేదీ చెడదు.’

అంతటి పనిమంతుణ్ణి, అంతటి మనిషిని నేనిక చూడను. చీటీలో ఆయన పేరు చెరిపి నా పేరు రాశాను. తిన్నగా ముదీర్ గదిలోకి వెళ్లి ఆనాడు జరిగినదంతా చెప్పాను.

అతను తన ఫోన్ నా ముందుకు తోశాడు.

"యల్లా, కానియ్, ఆయనకు ఫోన్ చెయ్. వెనక్కి రమ్మను" అన్నాడు.