పొగమంచులో తిమింగలం ఊపిరి

మొన్న చలికాలంలో ఒక పొద్దున చిట్యాలలో హైదరాబాదు బస్సు కోసం నిలబడితే, ఎదురుగా ఉన్న హైవే కూడా కనబడనంత దట్టంగా పొగమంచు కమ్మి ఉంది. ఆ తెల్లదనం లోపల ఎక్కడో ఒక లారీ ఆగి, బ్రేకుల గాలి బుస్సుమని వదిలేసరికి, చేతిలో టీ గ్లాసుతో నిలబడ్డ నాకు ఒళ్లు జల్లుమంది. పక్కవాళ్లు చలికనుకున్నారు. ఐస్‌లాండ్ సముద్రం గుర్తొచ్చిందంటే ముసలాయనకు మతి పోయిందనుకుంటారని నేనూ ఊరుకున్నాను.

మన ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు. తెలంగాణ వచ్చిన కొత్తలో చేనేత ప్రదర్శన కోసం మా ఊరి నుంచి ఇద్దరిని ఆ దేశానికి పిలిచారు. పోవలసింది నేనూ మా అన్నా. నేత నాది, రంగు అంటకూడని చోట నూలుకు చిటికి కట్టే పని ఆయనది. కానీ ఆయనకు అప్పటికే దమ్ము ముదిరి, వాకిట్లోంచి వీధిలోకి రావాలన్నా ఆగి ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చేది. అదే పని తెలిసిన మా వదినను పొమ్మని ఆయనే పట్టుబట్టాడు. తాను లేనప్పుడు ఆయన ప్రాణం పోతుందేమోనన్న ఒక్క భయంతో, వదిన ఏడుస్తూనే విమానమెక్కింది.

ప్రదర్శన ముగిశాక మమ్మల్ని ఉత్తరపు కొసన ఉన్న ఒక చిన్న రేవు పట్నానికి తీసుకుపోయారు. తిమింగలాలు చూడడానికి లోకమంతా అక్కడికే వస్తుందట. పడుకునే వేళకు కూడా సూర్యుడు గుంకడు. వీధుల్లో మనిషి అలికిడి ఉండదు. రంగు రంగుల ఇళ్ల కిటికీలు మాత్రం మనల్నే చూస్తున్నట్టుంటాయి. ఒక చోట తిమింగలం దవడ ఎముకలు తెచ్చి దర్వాజాలాగా నిలబెట్టారు. అందరూ దాని కింద నుంచి నవ్వుకుంటూ పోతే వదిన మాత్రం చుట్టు తిరిగి వచ్చింది. నేను ఆమెను ఆటపట్టించాను గానీ, నిజానికి నాకూ దాని కింద నడవబుద్ధి కాలేదు.

మర్నాడు పడవ ఎక్కించారు. చలికి అందరికీ ఇచ్చిన ఎర్రటి తొడుగులో చీర కుచ్చిళ్లు కుక్కుకుని వదిన ఒక మూల కూర్చుంది. ఇంజను టకటకమని ఒకే వరసన కొట్టుకుంటుంటే, మగ్గాల వీధిలో పుట్టి పెరిగిన మనిషి కదా, కునుకు తీసింది. ఇంతలో పొగమంచు దిగి నీళ్లూ ఆకాశమూ ఒకటైపోయాయి. తిమింగలం ఊపిరి వినబడాలని పడవ నడిపేవాడు ఇంజను ఆపాడు, నోటి మీద వేలు పెట్టి అందరినీ ఊరుకోమన్నాడు. వదిన ఉలిక్కిపడి లేచింది.

“మరిదీ, మగ్గాలు ఆపిండ్రేంది? ఎవలు పోయిండ్రు?”

మా వీధిలో ఎవరి ఇంట్లో మనిషి పోయినా కబురు నడిచి రాదు. ఆ ఇంటి మగ్గం ఆగుతుంది, అది విని పక్కింటిది, ఆ పైన వీధి వీధంతా ఆగి, శవం లేచేదాకా ఎవరూ పోగు నేసే నాడె ముట్టరు. నిద్ర మత్తులో ఆమె విన్నది ఆ నిశ్శబ్దాన్నే. ఇది సముద్రమని నేను చెప్పబోయేలోపు, మంచులో నుంచి, చాలా దగ్గరగా, పెద్ద నిట్టూర్పు ఒకటి వచ్చింది. వెంటనే కుళ్లు చేపల వాసన. కంటికి మాత్రం ఏమీ లేదు.

“గది మీ అన్న దమ్మే. మాట్లాడకు, ఇననియ్యి,” అంది వదిన.

నవ్వాలనుకున్నాను, నవ్వు రాలేదు. ఎందుకంటే అది అచ్చం అన్న ఊపిరే, ఈడ్చి ఈడ్చి తీసి, చివర గురగురమని వదిలేది. మళ్లీ వచ్చింది. ఆ తర్వాత చాలాసేపు రాలేదు. వదిన పడవ అంచు కమ్మీ పట్టుకుని, తన ఊపిరి కూడా బిగబట్టి, మంచులోకి చూస్తూ నిలబడింది. ఇంతటి భయం నేను ఏ శవం ముందరా పడలేదు. చివరికి ఎక్కడో దూరంగా, సన్నగా, ఇంకొకటి వినబడింది. అప్పుడామె కూలబడి ఏడ్చింది.

ఒడ్డుకు రాగానే ఫోను చేశాం. అన్నే ఎత్తాడు.

“పొద్దుమూకంగ దమ్ము జర ఆడలే. గిప్పుడు మంచిగనే ఉన్న, ఫికర్ చెయ్యకుండ్రి. చేప కనబడ్డదా?”

అక్కడ పొద్దు గుంకే వేళంటే, ఇక్కడ మేము మంచులో ఆ ఊపిరి కోసం చెవి ఒగ్గి నిలబడ్డ వేళే. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ చెప్పలేదు.

ఆ పైన ఆయన మరి కొన్నేళ్లు బతికాడు. పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం, వదిన చేయి పట్టుకునే పోయాడు. అప్పటికి వీధిలో నేసేవాళ్లు లేరు, మా ఇంటి మగ్గం ఒక్కటే మిగిలింది. మిగతా ఇళ్లన్నీ ఫ్యాక్టరీ పనులకొచ్చిన పడుచు పిల్లలకు కిరాయికి పోయాయి. ఇంట్లో శవం ఉండగా వదిన కళ్లు తుడుచుకుని నా దగ్గరికొచ్చింది.

“మరిదీ, జర మగ్గంల కూసోని నాలుగు పోగులు నెయ్యి. ఆపనీకి చప్పుడన్న ఉండాలె గద.”

పెద్దవాళ్లు ఉంటే తిట్టేవాళ్లు. నేను మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేశాను, ఆపాను, చెవి ఒగ్గి కూర్చున్నాను. వీధిలో మోటారు సైకిళ్లు పోతూనే ఉన్నాయి. పక్క వాకిట్లో ఒక పిల్ల ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతూనే ఉంది, పాపం దానికి ఏం తెలుసు. ఒక మగ్గం ఆగితే ఇంకొకటి ఆగే కాలం ఎప్పుడు దాటిపోయిందో మేమెవరమూ గమనించలేదు.