ఎడమ కాలు ముందు

1878లో ఒక దొర ఉదయగిరి కోట బొమ్మలు దించి తెమ్మంటే, చెన్నపట్నం నుంచి కెమెరాతో బయల్దేరాను. అప్పటికి ఫొటోగ్రాఫర్‌గా నాకు ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. గర్వం మాత్రం ఎనభై ఏళ్లకు సరిపడా ఉండేది. ఆత్మకూరు దాటాక బండి చక్రం గుంటలో పడి, గాజు ప్లేట్ల పెట్టె నేలకు కొట్టుకుంది. ఒక్క ప్లేటూ మిగల్లేదు. కొత్త గాజు వచ్చేదాకా ఉదయగిరి సత్రంలో పడి ఉండాల్సి వచ్చింది. నా దగ్గర ఇక ఉన్నవి తొమ్మిది టిన్ ప్లేట్లు, అంటే నల్లరంగు పూసిన పల్చని ఇనుప రేకులు.

ఆ రోజుల్లో బొమ్మ దించడం ఇప్పటంత సుఖంగా ఉండేది కాదు. ప్లేటు మీద కొలోడియన్ అనే జిగురు మందు పోసి, చీకటి గుడారంలో వెండి ద్రావకంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి. లెన్సు మూత తీసి, ఆరేడు సెకన్లు ఆగి, మళ్లీ మూయాలి. దీన్ని ఎక్స్‌పోజర్ అంటాం. అంతసేపూ ఎదుటి మనిషి విగ్రహంలా నిలబడకపోతే బొమ్మ పొగలా చెదిరిపోతుంది.

రెండో రోజు పొద్దున వెంకటసాని అనే ఆవిడ సత్రానికి వచ్చింది. అరవై దాటి ఉంటాయి. కుడి బుగ్గ మీద మిరియపు గింజంత పుట్టుమచ్చ. వెనకాలే మద్దెల భుజాన వేసుకుని ఆమె తమ్ముడు రామన్న.

"కొండ దిగే వరస అని ఒక ఆట ఉండాది నాయనా," అంది ఆమె. "దేవుడు కోట మీద నుంచి కిందికొచ్చేటప్పుడు ముందర ఆడేది. తొమ్మిది నిలకడలు. మా అమ్మ నాకు నేర్పినాది, నేను నా కూతురికి నేర్పినాను. కరువులో కూతురు పిల్లను వెంటబెట్టుకోని చెన్నపట్నం పోయి, ఆడ జొరమొచ్చి పోయింది. పిల్ల మేనత్త పంచన ఉండాది. ఈడికి పిలిపిస్తే పెట్టేదానికి నాకాడ గింజల్లేవు. ఇప్పుడా ఆట తెలిసిన కాళ్లు నావి రెండే. అవి కూడా ఈ ఏడు ఉండాయి, వచ్చే ఏటికి ఎట్టుంటాయో."

ఆ ఆటను బొమ్మల్లో దించి మనవరాలికి చేర్చాలి. అదీ ఆమె కోరిక. ఆట మధ్యలో కదలకుండా ఆగే భంగిమలే నిలకడలట. తొమ్మిది నిలకడలు, తొమ్మిది రేకులు. నాకూ పనిలేదు. సరేనన్నాను.

తల కదలకుండా వెనక నుంచి పట్టుకునే ఇనుప స్టాండు ఒకటి ఉండేది. అది చూసి ఆమె "ఇది గొడ్లకు పెట్టుకో" అంది. పక్కకు తీసేశాను. రామన్నను మాత్రం మద్దెల ముట్టవద్దని గట్టిగా చెప్పాను. బొమ్మకు చప్పుడుతో పనేమిటని నా ఉద్దేశం. మూత తీశాను. ప్లేటు కడిగి చూస్తే ఆమెకు నాలుగు చేతులు, రెండు తలలు వచ్చాయి.

రామన్న తొంగి చూసి నవ్వాడు. "మద్దెల ఆపితే మా అక్క ఎట్టా నిలబడతాది అయ్యా? ఎంతసేపు నిలబడాల్నో దరువు చెప్పాల గదా."

అంత తెలిసిన నాకు ఈ మాట తట్టలేదు. వార్నిష్ పూయకముందైతే టిన్ ప్లేటు మీది బొమ్మను తుడిచి, రేకును మళ్లీ వాడుకోవచ్చు. దాన్ని తుడిచి కొత్తగా మందు పోశాను. ఈసారి రామన్న నెమ్మదిగా ఎనిమిది దెబ్బల దరువు వేశాడు. మొదటి దెబ్బకు మూత తీసి, ఎనిమిదో దెబ్బకు మూశాను. దరువు నడుస్తున్నంతసేపూ ఆమె రాతిలో చెక్కినట్టే ఉంది. ఇంకో మేలు కూడా జరిగింది. కాలు ఏమాత్రం వణికినా గజ్జె పలుకుతుంది. గజ్జె పలకలేదంటే బొమ్మ కుదిరిందన్నమాట. మధ్యాహ్నానికి తొమ్మిదీ అయిపోయాయి. నా జీవితంలో అంత మంచి బొమ్మలు నేను దించలేదు.

వరసగా పరిచి ఆమెను పిలిచాను. చాలాసేపు చూసి, "నా పైట కుడి భుజం మీదికి ఎవురేసినారు?" అంది.

ఇనుప రేకు మీద బొమ్మ అద్దంలో మాదిరి పడుతుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. గాజు ప్లేటైతే దాని నుంచి కాగితం మీద అచ్చు తీస్తాం కాబట్టి మళ్లీ సరిపోతుంది. పట్నంలో రేకు బొమ్మలు దించుకునేవాళ్లు రోజూ అద్దంలో చూసుకునే ముఖమే కనిపించిందని సంతోషపడేవారు. ఎనిమిదేళ్లలో ఒక్కరూ అడగలేదు. నేను ఆ సంగతే మరిచిపోయాను.

"పైట పోతే పోయింది. కాలు చూడు," అంది ఆమె. "అన్ని ఆటలకూ కుడికాలే ముందు. ఈ ఒక్కదానికే ఎడమ. దీంట్లో కుడికాలు ముందరుండాది. పిల్ల అట్నే నేర్చుకుంటాది. తప్పని అనుమానం గూడా రాదు."

"అంతా తిరగేసి చూసుకోమని వెనక రాసి ఇస్తానమ్మా," అన్నాను.

"కాలు ఆలోచించుకుంటా ఉంటే దరువు తప్పుతాది. ఆ ఆలోచనేందో నేనే పడతా. తుడిచెయ్. రేపు నేనే తిరగేసి ఆడతా."

ఒక్కటైనా ఉంచుకుంటానని బతిమాలాను. "తప్పు బొమ్మ ఒకటి మిగిలినా, ఎప్పుడో ఎవురో దాన్ని చూసి నేర్చుకుంటారు," అంది. తొమ్మిదీ నా చేత్తోనే తుడిచాను. ఏడుపు వచ్చింది, దాచుకోను.

ఆ మధ్యాహ్నమంతా వాళ్లింటి వైపు నుంచి గజ్జెల చప్పుడు వినబడుతూనే ఉంది. నాలుగు అడుగులు సాగి ఆగేది. మళ్లీ మొదటి నుంచి. యాభై ఏళ్లుగా ఒకవైపు నడిచిన ఒంటిని ఒక పూటలో రెండోవైపు తిప్పుతోంది. నేను సత్రం అరుగు మీద కూర్చుని, ఆగిన ప్రతిసారీ నా తెలివిని నేనే తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున పైట కుడి భుజం మీద వేసుకుని వచ్చింది. పుట్టుమచ్చ తడుముకుని, "దీన్నొక్కదాన్ని తిప్పలేను నాయనా," అని నవ్వింది. కుడికాలు ముందు పెట్టి మొదలుపెట్టింది. నాలుగో నిలకడ దగ్గర గజ్జె పలికింది. తుడిచాను. మళ్లీ పలికింది. మోకాలు చేత్తో పట్టుకుని కాసేపు కూర్చుని లేచింది. మూడోసారి రామన్న దరువు ఎనిమిది దెబ్బలూ నడిచింది, గజ్జె నోరు మెదపలేదు. తొమ్మిదీ పూర్తయ్యాక వార్నిష్ పూసి, రామన్న చెబుతుంటే ఒక్కో రేకు వెనకా దాని దరువును మేకుతో గీశాను. బొమ్మ ఎక్కడ నిలబడాలో చెబుతుంది. అక్కణ్ణుంచి ఇంకోచోటికి ఎంత వేగంగా పోవాలో చెప్పేది దరువే. ఈ సంగతి కూడా నేను అక్కడే నేర్చుకున్నాను.

కోట పని ముగించుకుని, చెన్నపట్నంలో రేకులు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. మనవరాలు తులసికి పదకొండేళ్లుంటాయి. రేకుల్ని నేల మీద వరసగా పెట్టుకుంది. వాటి వెనక గీసిన దరువు నేను చదువుతుంటే లేచి నిలబడి ఎడమ కాలు ముందుకు వేసింది.

"కుడికాలే!" అని మేనత్త గదమాయించింది.

"అవ్వ ఎడమ కాలే పెట్టినాది అత్తా, చూడు," అని తులసి ఆగకుండా తొమ్మిదో నిలకడదాకా వెళ్లింది. అప్పుడు చివరి రేకు చేతిలోకి తీసుకుని ముఖంలోకి చూసింది. "అవ్వ పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద గదా ఉండేది? ఇటెట్టా వచ్చింది?"

రేకు మీద బొమ్మ తిరగబడుతుందని చెప్పాను. ఆ పిల్ల రేకు వైపూ, తన కాళ్ల వైపూ చూసుకుంది.

"అయితే అవ్వ కుడికాలు పెట్టి ఆడినాదా? మొత్తం?"

"అవునమ్మా. నీకు ఎడమ కాలు కనబడాలని."

"అవ్వకు మోకాళ్ల నొప్పులు గదా," అంది తులసి. రేకు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ పనిలోనే ఉన్నాను. మూత తీసే ముందు ఎదుటివాళ్లను ఒక మాట అడగడం అప్పటి నుంచే అలవాటు చేసుకున్నాను: "ఈ బొమ్మ ఎవరు చూడాలి?"