ఇంకొక్కసారి వేలు పెట్టండి

పోయిన నెల మా గల్లీలో టెలిఫోన్ కాక చనిపోయాడు. పొద్దున్నే చాయ్ తాగి, పేపరు తెరిచి, అట్లాగే కుర్చీలో ఒరిగిపోయాడట. మా అవ్వ, అంటే మా అమ్మ, నాకు ఫోన్ చేసి "కాక పోయిండు బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. అవ్వ ఫోనులో ఒక మాటకు మించి మాట్లాడదు. దాన్ని చేత్తో పట్టుకోవడమే ఆమెకు భయం. ఆ భయం ఎక్కడిదో చెప్పాలంటే కాక గురించి చెప్పాలి.

ఆయన నాకు సొంత చిన్నాయనేం కాదు. సిరిసిల్లలో మాకు ఎదురిల్లు. మా బాపు మరమగ్గాల మీద పనిచేసేవాడు, అవ్వ ఇప్పటికీ బీడీలు చేస్తుంది. బాపు పోయాక స్కూలు కాగితానికైనా, బస్సు పాసుకైనా, కొలువు దరఖాస్తుకైనా పెద్దవాళ్ల సంతకం కావాలంటే ఎదురింటికి పోయేదాన్ని. కాక సర్కారు టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. అందుకే గల్లీ అంతటికీ టెలిఫోన్ కాక. నేనీరోజు వేములవాడ దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతున్నానంటే సగం ఆయన చలవే. ఈ మాట ఆయన ఎదుట అని ఉంటే "పో, పోయి సదువు సెప్పుకో" అని కసిరేవాడు.

ఆయన సర్వీసులో చాలాకాలం ఆదిలాబాద్ జిల్లాలో, బోథ్ చుట్టుపక్కల గడిచింది. అక్కడి ముచ్చట ఒకటి మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఒక ఊరికి కొత్తగా ఒకే ఒక్క లైను మంజూరైందట. ఆ ఊరి పటేలు, ఫోను తన ఇంట్లోనే పెట్టాలన్నాడు. కాకను కూర్చోబెట్టి జొన్నరొట్టె, కోడికూర పెట్టించాడు. కాక కడుపునిండా తిని, చేయి కడుక్కుని, తీగ లాక్కుపోయి పోస్టాఫీసు అరుగు మీద ఫోను దించాడు. బదిలీ చేయిస్తామని బెదిరించారు. చేయించారు కూడా. "ఫోను ఒక్కని ఇంట్ల ఉంటె అది ఫోను గాదు బిడ్డా, వాని పెత్తనం" అనేవాడు. కూర మాత్రం మస్తుగా ఉండెనని ఒప్పుకునేవాడు.

సిరిసిల్లలో పాత రాగితీగలను చుట్టలు చుట్టి లారీకెక్కించిన రోజు ఆయన ఆ లారీ కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, ఒకదాన్నొకటి మింగాయి. చివరికి మా గల్లీలో సరిగ్గా సిగ్నల్ అందే కంపెనీ ఒక్కటే మిగిలింది. మొదట్లో పుక్కటికే, పైసా ఇవ్వకుండా మాట్లాడుకోమంది. అందరికీ అలవాటయ్యాక నెలంటే ఇరవై ఎనిమిది రోజులేనంది. రీచార్జి చేయకపోతే మనకు వచ్చే ఫోన్లు కూడా ఆపేస్తానంది. వేరే కంపెనీకి మారదామంటే దాని టవరు మా దగ్గర లేదు. "పటేలు మళ్లొచ్చిండు, ఈసారి మొకం లేదు" అన్నాడు కాక. మేము నవ్వాము.

ఇంత తెలిసిన మనిషి కూడా ఒక తప్పు చేశాడు. పింఛనుకు, రేషనుకు, బ్యాంకుకు అన్నింటికీ ఫోను నంబరు అడుగుతున్న రోజులవి. ప్రతి ఆడమనిషికీ తన పేరు మీద సొంత నంబరు ఉండాలని కాక పట్టు. మొగుడి నంబరు ఇస్తే పింఛను కబురు మొగుడికే చేరుతుందని ఆయన బాధ. సరిగ్గా అప్పుడే కంపెనీ ఏజెంటు ఒకడు బీడీ కార్ఖానా ముందు గొడుగు పాతి, సిమ్ములు ఊరికే ఇస్తున్నామన్నాడు. కాక ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. బీడీల చేటలు పక్కన పెట్టించి అందరినీ వరసలో తనే నిలబెట్టాడు.

బీడీలు చేసేవాళ్ల వేళ్లు ఎప్పుడైనా చూశారా? ఆకు మడిచి, తంబాకు పోసి, మూతి వత్తి వత్తి బొటనవేలి మీది గీతలన్నీ అరిగిపోతాయి. రేషను దుకాణంలో వాళ్ల వేలు మొదటిసారికే పడితే ఆ రోజు పండగే. మిషను మీద ఎర్రలైటు రాగానే వేలిని తలవెంట్రుకల్లో రుద్ది, కొంగుకు తుడిచి, మళ్లీ పెడతారు. ఎన్నిసార్లు పెట్టమంటే అన్నిసార్లు పెడతారు. పైగా తప్పంతా తమ వేళ్లదే అన్నట్టు నొచ్చుకుంటారు. ఆ రోజు అవ్వ ఐదుసార్లు పెట్టింది. "మా ఏళ్లే గిట్లుంటయి బిడ్డా, జర ఓపిక వట్టు" అని ఆ ఏజెంటునే బతిమాలింది. వాడు ఎంతో మర్యాదగా "పర్లేదమ్మా, ఇంకొక్కసారి పెట్టండి" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. మంచివాడే పాపం అనుకున్నాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు మా ఇంటి ముందు దిగారు. వేరే రాష్ట్రం వాళ్లు. అవ్వ చేట ఒళ్లో పెట్టుకుని ఉంది. వాళ్లు కాగితంలో చూసి ఆమె పూర్తి పేరు చదివి, నువ్వేనా అని అడిగారు. అవ్వ పేరు మీద ఐదు సిమ్ములు నడుస్తున్నాయట. ఒకటి అవ్వ దగ్గరుంది. మిగతా నాలుగూ ఎక్కడున్నాయో వాళ్లకే తెలియదు. వాటిలో ఒకదాని నుంచి ఎవరో ఒక ముసలాయనకు పోలీసులమంటూ ఫోన్ చేసి, అరెస్టు చేస్తామని రెండురోజులు భయపెట్టి, ఆయన దాచుకున్నదంతా ఊడ్చేశారు. ఆ తర్వాత ఆయన బతకలేదు. ఎర్రలైటు చూపించి "పడలేదమ్మా" అన్న ప్రతిసారీ అవ్వ వేలు పడిందని మాకప్పుడు తెలిసింది. పడిన ప్రతిసారీ ఆమె పేరున ఒక సిమ్ము పుట్టింది.

మళ్లీ పిలుస్తామని కాగితం చేతిలో పెట్టి వాళ్లు వెళ్లిపోయారు. సంగతి విని కాక పరుగున వచ్చాడు. అవ్వ ఏడవలేదు. తన బొటనవేలిని చూసుకుంటూ, "గా ముసలాయన ఉసురు నాకు తలుగుతదా?" అని అడిగింది.

కాక గడపలోనే కూర్చుండిపోయాడు. "తలుగుతె నాకు తలుగుతది వదినె. నిన్ను లైన్ల నిలవెట్టింది నేను. నీ పేరు మీదికెల్లి గా నంబర్లు తీపిచ్చేదాంక ఊకోను" అన్నాడు.

అక్కడినుంచి ఆయనకు అదే పని. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనేది. అది మనిషి గొంతు కాదని తెలిసీ మొదట్లో "అమ్మా, జర నా మాట ఇను" అని చెప్పుకునేవాడు. తర్వాత తర్వాత తిట్టేవాడు. రిజిస్టరు పోస్టులో ఉత్తరాలు రాశాడు. రెండు నెలలకు జవాబు వచ్చింది. వినియోగదారు వేలిముద్ర ఉంది కాబట్టి అన్ని సిమ్ములూ ఆమె సమ్మతితోనే ఇచ్చినట్టు, కంపెనీకి ఏ బాధ్యతా లేనట్టు. సర్కారులో పైవాళ్లకు ఫిర్యాదు చేస్తే, వాళ్లు విచారించమని దాన్ని మళ్లీ అదే కంపెనీకి పంపారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది. ఆ రెండో జవాబు చదివి కాక కళ్లద్దాలు తీసేశాడు. "తీగ ఉన్నప్పుడు తప్పు యాడున్నదో ఎక్కి సూస్తుంటిమి బిడ్డా. ఇప్పుడు ఎక్కుదామంటె స్తంభమే లేదాయె" అన్నాడు. ఆయన గొంతులో భయం వినడం నాకదే మొదలు.

చివరికి ముగ్గురం కరీంనగర్‌లో కంపెనీ దుకాణానికి పోయాము. చల్లటి గది, అద్దాల తలుపు. మా ఫిర్యాదు ఉత్తరం తీసుకునే మనిషి మాత్రం లేడు. కౌంటరులో ఉన్నమ్మాయి మా మాటంతా విని, ఆ నాలుగు నంబర్లు మూసేయాలంటే అవ్వ వేలిముద్ర పెట్టాలంది. అవ్వ పెట్టింది. పడలేదు. వెంట్రుకల్లో రుద్ది మళ్లీ పెట్టబోయింది. కాక ఆమె చేయి పట్టుకుని ఆపాడు. ఇప్పుడు నిజంగానే పడలేదో, అదీ ఆటేనో మాలో ఎవరికి తెలుసు? ఆ అమ్మాయి తన పని తాను చేస్తున్నదానిలా, పడకపోతే తెలిసినవాళ్లెవరైనా సాక్షిగా తమ వేలు పెట్టవచ్చంది. లేదంటే ఫిర్యాదు నమోదు కాదంది.

నేను ముందుకు జరిగాను. కాక నన్ను వెనక్కి లాగాడు. "నువ్వు సర్కారు కొలువు జేస్తున్న బిడ్డవు. నీ పేరు ఆగమైతె ఇల్లు ఆగమైతది. నాది పెడుత" అన్నాడు.

పెట్టాడు. ఎర్రలైటు వచ్చింది. "ఇంకొక్కసారి పెట్టండి అంకుల్" అంది ఆ అమ్మాయి. పోలీసులొచ్చిన నాటి నుంచి, ఒక్కసారి పడకపోతే లేచి వచ్చేయండని గల్లీ అంతటికీ చెప్పిన మనిషి, ఒక్క క్షణం అవ్వ వైపు చూశాడు. అవ్వ రెండు చేతులూ కొంగు కింద దాచుకుని నిలబడి ఉంది. కాక మళ్లీ వేలు పెట్టాడు. నేను వద్దని అనలేదు. అవ్వ బయటపడితే చాలని మనసులో అనుకున్నాను. ఆ అనుకున్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

అవ్వ పేరు మీది నాలుగు నంబర్లూ మూతపడ్డాయి. కేసు సంగతి మాత్రం తెలియదు. పోలీసులు రాలేదు, రామని కూడా చెప్పలేదు. గల్లీలో కొత్త బండి ఆగితే అవ్వ చేట వదిలి లోపలికి పోతుంది. కాక అంతటితో ఊరుకోలేదు. ఆదివారాలు నన్ను వెంటేసుకుని, వరసలో నిలబెట్టిన ఆడవాళ్లందరి ఇళ్లకూ తిరిగాడు. ఎవరి పేరున ఎన్ని నంబర్లున్నాయో చూపించే సర్కారు వెబ్‌సైటు ఉందని మాకు అప్పటికి తెలిసింది, అది నా ఫోనులో తెరిపించి ఒక్కొక్కరివీ చూపించేవాడు. దొంగ నంబర్లేమీ లేకపోతే వాళ్లింట్లో చాయ్ తాగేవాడు. ఉంటే తాగేవాడు కాదు. నీదీ చూద్దాం కాకా అని చాలాసార్లు అడిగాను. "ముందుగాల ఆడోళ్లయి కానియ్యి. పాత లైన్‌మన్ పేరుతోటి ఎవడేం జేసుకుంటడు" అని నవ్వేసేవాడు. నాలుగిళ్లు మిగిలి ఉండగా ఆయన పోయాడు.

పదో దినం నాడు భోజనాలయ్యాక అందరూ వెళ్లిపోయారు. కాక భార్య, నేను చిన్నమ్మా అని పిలిచే ఆమె, చాప మీద కూర్చుని ఉంది. కాక ఫోనును ఆయన పోయిన రోజే ఆపేసి అలమారలో పెట్టారు. చిన్నమ్మ ఫోను నా పక్కన ఉంది. అది మోగింది. తెలియని నంబరు. ఈ మధ్య కొత్త ఏర్పాటొకటి వచ్చింది, మోసగాళ్ల నుంచి మనల్ని కాపాడడానికట. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే, ఆ సిమ్ము ఎవరి పేరు మీద ఉందో ఆ పేరు తెర మీద పడుతుంది.

తెర మీద కాక పేరు ఉంది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు.

నేను దాన్ని చూస్తూ ఉండగానే ఆగిపోయింది. వెంటనే మళ్లీ మోగింది. అదే నంబరు, అదే పేరు. చిన్నమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు చేయి చాపింది.

"ఇటియ్యి బిడ్డా. ఎవలో ఇప్పుడు తెలిసి పలకరిద్దామని చేస్తున్నట్టున్నరు."