అమ్మవారి బంగారం, నా నీలం చెంచా

నా ఉద్యోగమే తూకం. శంషాబాద్ విమానాశ్రయంలో ఒక విమాన సంస్థ కౌంటర్ దగ్గర కూర్చుని ప్రయాణికుల పెట్టెలు తూస్తాను. ఒక్క కిలో ఎక్కువైనా సరే, ఎదురుగా ఉన్నది పండు ముసలమ్మ అయినా, మంత్రిగారి బావమరిది అయినా, "తీసేయండి" అంటాను. ఇంత కచ్చితమైన మనిషి సొంత వాకిట్లో, సొంత చుట్టాల ముందు, అదీ అమ్మవారి సాక్షిగా, తూకంలో ఎంత ఘోరంగా దొరికిపోయాడో ఇప్పుడు చెబుతాను. గుండె దిటవు లేనివాళ్ళు ఒక గ్లాసు మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. బెల్లం ముక్క మాత్రం వద్దు. ఎందుకో మీకే తెలుస్తుంది.

కథ డెంగీతో మొదలైంది. ఆ వానాకాలంలో నేను దవాఖానలో పడ్డాను. రక్తకణాలు పడిపోతున్నాయని డాక్టర్లు చెబుతుంటే మా అమ్మ వరండాలో కూలబడి, సమ్మక్క తల్లికి మొక్కేసింది. "నా కొడుకు లేచి నడిస్తే నిలువెత్తు బంగారం ఇచ్చుకుంట తల్లీ!"

బంగారమనగానే మీరు నగల దుకాణం వైపు చూడకండి. సమ్మక్క సారలమ్మలకు ఇచ్చే బెల్లాన్నే మా దగ్గర బంగారం అంటారు. మొక్కున్న మనిషిని కాంటాలో ఒక పళ్ళెంలో కూర్చోబెట్టి, రెండో పళ్ళెంలో అతనికి సరితూగేంత బెల్లం పెడతారు. దాన్ని తల్లికి చూపించి, కొంత జాతరకు తీసుకెళ్ళి, మిగిలింది ఊళ్ళో పంచుతారు. మొక్కు తీరేదాకా తల్లి బాకీ నా తల మీదే ఉందని అమ్మ గట్టి నమ్మకం. నాకు తుమ్ము వచ్చినా అమ్మ ఉలిక్కిపడేది.

నేను లేచాను, నడిచాను. అక్కడితో ఆగితే బాగుండేది. లేచి నడిచినవాణ్ణి తినడం కూడా మొదలుపెట్టాను. "జ్వరమొచ్చి లేచిన పిలగాడు" అంటూ అమ్మ పెట్టేది, నేను కాదనలేకపోయేవాణ్ణి. ఒకరోజు కౌంటర్ దగ్గర వంగి ఒక పెట్టెకు ట్యాగు కడుతుంటే నా యూనిఫాం చొక్కా బొత్తాం ఊడి, వడిసెల రాయిలా వెళ్ళి ఎదురుగా ఉన్న పెద్దాయన కళ్ళద్దానికి ఠంగుమని తగిలింది. ఆయన కోప్పడలేదు. వంగి బొత్తాం ఏరి నా చేతిలో పెట్టాడు.

"నా పెట్టె రెండు కిలోలు ఎక్కువన్నావు కదా బాబూ," అన్నాడు. "మరి నీ సంగతేంటి?"

ఆ క్షణమే పథ్యం మొదలుపెట్టాను. పక్క కౌంటర్ భార్గవిగారు రాజమండ్రి ఆవిడ, ఆరోగ్యం విషయంలో మాకందరికీ గురువు.

"చక్కెర మానేయండి నరేందర్ గారూ. తీపి మీదకి మనసు పోతే ప్రకృతి సిద్ధమైనవి తీసుకోండి. తేనె, ఖర్జూరం, బెల్లం. అదీ కాస్తంతేనండోయ్!"

ఆ సలహాలో చివరి మాట తప్ప అన్నీ నాకు బ్రహ్మాండంగా నచ్చాయి. అదే రోజు బరువు తగ్గే పొడి డబ్బా ఒకటి కొన్నాను. దాంట్లో ఒక నీలం ప్లాస్టిక్ చెంచా వచ్చింది. చెంచాను గుర్తుపెట్టుకోండి, పొడిని మర్చిపోండి. నేనూ అలాగే చేశాను.

సరిగ్గా ఆ వారమే అమ్మ మొక్కు బెల్లం కొంది. జాతర దగ్గరపడితే మంచి సరుకు దొరకదని ముందుగానే నన్ను శంషాబాద్ దుకాణానికి తీసుకెళ్ళి, అక్కడి కాంటా ఎక్కించి, నా బరువుకు పైన కొంచెం మొగ్గు చూపేలా బెల్లం ముద్దలు తీసుకుంది. కొత్త బెల్లం. గోరు గుచ్చితే దిగేంత మెత్తన, తేనె రంగు. ఇక ఇంట్లో ఎక్కడ పెట్టాలనే చర్చ వచ్చింది.

"వంటింట్ల చీమలున్నయి," అంది అమ్మ. "మౌనిక గదిల పెడితే అది తింటది. నరేందర్ గదిల పెడుదం. వాడు పథ్యం చేస్తున్నడు, తీపి ముట్టడు."

మా చెల్లెలు మౌనిక నా వైపు అదోలా చూసింది. "అమ్మా, పాలకు పిల్లిని కాపలా పెడుతున్నవ్."

"నోర్ముయ్యే! వాని పేరు మీదున్న బంగారం వాడెట్ల తింటడు?"

అమ్మ నా మంచం పక్కన చెక్కపీట వేసి, ముద్దలు పేర్చి, పసుపు బొట్లు పెట్టి, పచ్చటి గుడ్డ కప్పింది. "ముట్టుకోకు బిడ్డా. తల్లి సొమ్ము," అని చెప్పి వెళ్ళింది.

అప్పటి నా దినచర్య వినండి. పొద్దున మొలకెత్తిన పెసలు, మధ్యాహ్నం దోసకాయ ముక్కలు, మధ్యలో నా ముందు నుంచి బెల్టు మీద సాగిపోయే అరిసెల డబ్బాలు, నేతి లడ్డూల పొట్లాలు. తాళం వేసిన పెట్టెలోంచి కూడా వాసన పట్టి ఇది సకినాలు, ఇది గరిజెలు అని చెప్పగలిగే స్థితికి వచ్చాను. ఉదయం డ్యూటీ దిగి మధ్యాహ్నం మా ఊరు మంఖాల్ చేరేసరికి అమ్మా బాపూ చేను దగ్గర, మౌనిక కాలేజీలో. ఇంట్లో నేను, బెల్లం. ఇద్దరమే.

మొదటి రోజు గుడ్డ ఎత్తి చూశాను. చూస్తే తప్పేముంది? రెండో రోజు వాసన చూశాను. మూడో రోజు నా బుర్రలో ఒక లెక్క మెరిసింది. అంత తెలివైన లెక్క నాకు పదో తరగతి పరీక్షలో కూడా తట్టలేదు.

మీరే చెప్పండి, ఇందులో తప్పుంటే! బెల్లం నా పాత బరువుకు కొన్నారు. జాతర నాటికి నేను పథ్యంతో తగ్గుతాను. ఎంత తగ్గుతానో అంత బెల్లం తూకానికి అక్కర్లేకుండా మిగిలిపోతుంది. అంటే ఆ మిగులు అమ్మవారిది కాదు, కష్టపడి తగ్గిన నాది! నా మిగులును నేను కాస్త ముందుగా తీసుకుంటున్నాను, అంతే. పైగా ప్రకృతి సిద్ధం.

నీలం చెంచా తీశాను. ముద్ద ముందు భాగం పసుపు బొట్టుతో అందరికీ కనిపిస్తుంది కాబట్టి వెనక నుంచి తవ్వాను. ఒక్క చెంచా. కళ్ళు మూతలు పడ్డాయి. ఇంకొక్క చెంచా. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు కదా, అందుకని నిలబడి తిన్నాను. అయినా కరిగాయి.

రోజులు గడిచాయి. బయటికి ముద్దలన్నీ నిండుగా, పచ్చటి బొట్లతో పెళ్ళికూతుళ్ళలా ఉండేవి. వెనక చూస్తే ఎండిన సొరకాయ బుర్రలు. ఒకరోజు అమ్మ నేల మీద బెల్లం పొడి చూసింది.

"ఎలుక పడ్డది," అంది. "వాసన పట్టి వచ్చిందిరా."

"అవునమ్మా," అన్నాను. "నాకూ రాత్రి చప్పుడు వినబడుతున్నది."

ఎంత సిగ్గులేనివాణ్ణో చూడండి! అమ్మ మర్నాడే పీట కింద ఎలుకల బోను పెట్టింది, నాకు చెప్పలేదు. మధ్యాహ్నం నా కుడికాలి బొటనవేలు అందులో పడింది. ఊరంతా వినిపించేలా అరవాల్సిన నొప్పి. పక్కింటివాళ్ళు వస్తారన్న భయంతో తేలు కుట్టిన దొంగలా దిండు కొరుక్కుని, గదంతా ఒంటికాలి మీద గెంతాను. సాయంత్రం కుంటుతుంటే బాపు అడిగాడు. "కాలికేమైందిరా?"

"కసరత్తు చేస్తుంటే పట్టేసింది బాపూ."

"జర పైలం కొడుకా. మొక్కు తీరినంక చెయ్యరాదూ గా కసరత్తులు!"

ఇటు లెక్కలో రెండో వైపు కూడా చూసుకోవాలి కదా. కౌంటర్లో ఎవరూ లేనప్పుడు పెట్టెల కాంటా ఎక్కాను. అంకె చూసి నా కళ్ళు బైర్లు కమ్మాయి. తగ్గడం సంగతి దేవుడెరుగు, పెరిగాను!

"భార్గవిగారూ, ఈ మిషన్ పాడైనట్టుందండీ."

"అదేంటండీ, పొద్దుటి నుంచీ దాని మీదే కదా జనాల పెట్టెలు విప్పించారు!"

అప్పుడైనా ఆగాను అనుకున్నారా? కంగారు పుట్టింది. కంగారు పుడితే నాకు తీపి తినాలనిపిస్తుంది.

తూకం రోజు రానే వచ్చింది. గగన్‌పహాడ్ గోదాంలో అడిగి బాపు పెద్ద కాంటా తెచ్చి, వాకిట్లో మూడు వాసాలు కట్టి వేలాడదీశాడు. డప్పులు మోగుతున్నాయి. చుట్టాలంతా వచ్చారు. రావిర్యాల నుంచి మా మేనత్త అండాలు ఆటోలో దిగి, దిగీ దిగగానే పెత్తనం చేతిలోకి తీసుకుంది. మౌనిక, బాపు గదిలోంచి బెల్లం మోసుకొస్తుంటే నా గుండె డప్పులతో పోటీ పడింది.

"బాపూ, గీ బెల్లం బరువే లేదు," అంది మౌనిక.

"ఎండకు ఆరినట్టుంది తియ్యి."

నన్ను పళ్ళెంలో కూర్చోమన్నారు. కూర్చున్నాను. బాపు కాంటా పట్టు వదిలాడు.

దబ్! నా పళ్ళెం నేలకు తగిలి దుమ్ము లేచింది. బెల్లం పళ్ళెం రయ్యిమని పైకి లేచి అండాలత్త ముక్కు ముందు ఊగింది. డప్పులు టక్కున ఆగిపోయాయి. విమానం ఒకటి మా నెత్తి మీదుగా దిగుతుంటే దాని మోత తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"కాంటా ఖరాబైందా ఏంది?" అన్నాడు బాపు.

"కాంటా మంచిగనే ఉంది బాపూ," అంది మౌనిక నన్నే చూస్తూ.

ఇంట్లో ఉన్న బెల్లమంతా తెచ్చి వేశారు. పళ్ళెం కదల్లేదు. పక్కింటి వాళ్ళ బెల్లం వేశారు. కదల్లేదు. అప్పుడు అమ్మ ముఖం చూశాను. రక్తం లేదు ఆ ముఖంలో. దవాఖాన వరండాలో కూర్చున్న రోజు కూడా అలాగే ఉండి ఉంటుంది.

"తల్లి ఒప్పుకుంటలేదు," అంది అమ్మ, చీర కొంగు నోట్లో కుక్కుకుంటూ. "తూచి తెచ్చిన బంగారం తక్కువెట్ల పడ్తది? నా కొడుకును మళ్ళ ఏం చేస్తదో... నా మొక్కుల ఏం లోపమొచ్చిందే తల్లీ!"

ఆ మాట పెట్టినంత బాధ బోను దెబ్బ కూడా పెట్టలేదు. అమ్మ నా ప్రాణానికి బదులు పెట్టిన బెల్లం అది. చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అండాలత్త ఒక ముద్ద పట్టుకుని తిప్పి చూసి, మా అమ్మ వైపు తిరిగి కెవ్వుమంది.

"లోపలంత డొల్ల! బొట్టు చెదరలే, ముందర పెచ్చు ఊడలే, లోపలి బంగారం మాయం! ఓ యాదమ్మా, లోపం కాదే, తల్లే వచ్చి ఆరగించిందే!"

అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. వాకిలంతా హోరెత్తింది. డప్పులు రెట్టింపు మోత మోగాయి. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నేను తవ్విన ముద్దల కోసం జనం ఎగబడ్డారు. "నాకు జర ప్రసాదమియ్యి!" "గా గుంతలకెళ్ళి ఇయ్యి, తల్లి చెయ్యి తాకిన కాడికెళ్ళి!" ఒకాయన నా వేళ్ళ గుర్తులకు పసుపు రాసి కళ్ళకద్దుకున్నాడు. నేను పళ్ళెంలో బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. అమ్మ ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. నవ్వుతూ ఏడుస్తోంది. ఆ నవ్వు చూశాక నిజం చెప్పడం పాపం అనిపించింది. పిరికివాడికి పుణ్యం అలా కలిసి వస్తుంది లెండి.

అమ్మ అన్నిటికంటే పెద్ద ముద్దను రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకుని, తలమీద పెట్టుకోబోయింది. ముద్దలోంచి ఏదో జారి, నా పళ్ళెం పక్కన బండ మీద టక్కుమని పడింది.

నీలం చెంచా.

వారం రోజులుగా దాని కోసం ఇల్లంతా వెతికి, దొరక్క వేళ్ళతోనే తవ్వుతున్నాను!

అమ్మ వంగి తీసింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

"వదినె, తల్లి చెంచాతోని తింటదా?"

అండాలత్త ఎత్తిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. మౌనిక ముందుకొచ్చింది. "అమ్మా, గిది అన్న బరువు తగ్గే పొడి డబ్బాల చెంచా."

వాకిట్లో ఉన్న ప్రతి తలా నా వైపు తిరిగింది. ప్రసాదం నోట్లో వేసుకున్నవాళ్ళు నమలడం ఆపారు. గుర్తులకు పసుపు రాసిన ఆయన తన వేళ్ళూ, నా వేళ్ళూ చూసుకుని తుపుక్కున ఉమ్మేశాడు. దిగి పారిపోదామని లేచాను.

"కూసో!" అంది అమ్మ. కూర్చున్నాను. "తల్లికి కోపమొచ్చిందని నా పానం పోయిందిరా! బంగారం యాడికి పోలే. ఇగో, గీ పొట్టలనే ఉంది. తల్లి సొమ్ము గా పళ్ళెంలకెళ్ళి గీ పళ్ళెంలకు వచ్చింది, గంతే. కాంటా ఎట్ల లేస్తదిరా!"

అలా అని అమ్మే ముందు నవ్వింది. తర్వాత బాపు, తర్వాత ఊరు. అమ్మ నవ్విందని నాకు ఏడుపొచ్చింది.

ఎంగిలి బంగారం తల్లికి పనికిరాదు కాబట్టి బాపు శంషాబాద్ పరుగెత్తాడు. కొత్త బెల్లం వచ్చేదాకా నేను పళ్ళెం దిగకూడదని అమ్మ తీర్పు. చుట్టాలంతా నా ముందే భోజనాలు చేశారు. పాయసం వాసన వచ్చింది, పాయసం రాలేదు. సాయంత్రానికి రెండు పళ్ళేలూ సమానంగా నిలిచాయి. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "తీరింది తల్లీ," అని కళ్ళు మూసుకుంది. డొల్ల ముద్దలు మాత్రం మంఖాల్లో ఉన్న ప్రతి ఆవుకీ నేనే నడిచి వెళ్ళి తినిపించాలి. తినిపించాను. నా పథ్యం మొత్తంలో నిజంగా బరువు తగ్గించింది ఆ నడకే.

అందుకే తలస్నానం చేసి, తూర్పు ముఖంగా నిలబడి, సమ్మక్క తల్లి సాక్షిగా ఘనంగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ముందు నాకు ఏ జ్వరమొచ్చినా, ఎంత పెద్ద గండం గడిచినా, నా పేరు మీద మొక్కేది నిలువెత్తు కాకరకాయలే! ఏడాది నా మంచం పక్కనే పెట్టినా ఒక్క కాయ తగ్గదు.

అమ్మ అంతా విని, తల పంకించింది.

"మంచి మొక్కే బిడ్డా. గానీ కాకరకాయ కూరల బెల్లమేస్తెనే గదా నువ్వు తినేది. ఆ బెల్లం ఎవరింట్ల దాచుమంటవు?"