మా నాయన నేర్చుకున్న ఇంగ్లీషు మాట

మా నాయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో పనిచేసి రిటైరైన రోజు, ఆఫీసు ముందు షామియానా వేసి చిన్న సభ పెట్టారు. బద్వేలులో నేను ఇంగ్లీషు టీచరును. కొన్నాళ్లు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. పెద్ద ఆఫీసరు నాయన మెడలో దండ వేసి ఇంగ్లీషులో మాట్లాడాడు. అందులో 'అప్రీషియేట్' అనే మాట మళ్లీ మళ్లీ వచ్చింది.

ఇంటికి వచ్చే ఆటోలో నాయన అడిగాడు.

"అమ్మా, అప్రీషియేట్ అంటే ఏమి?"

"మెచ్చుకోవడం నాయనా."

"అంతేనా? ఏమో అడుగుతాండాడని నేను ఊరికే తల ఊపుతాంటి."

ఆ మాట ఆయన నోటికి పట్టేసింది. మా నాయనకు పొగడటం చేతకాదు. కూర బాగుంటే ఇంకాస్త వేయించుకునేవాడు, బాగోకపోతే నీళ్లు ఎక్కువ తాగేవాడు. ఆ గుర్తులు చూసుకునే అమ్మ ఇన్నేళ్లు వండింది.

మరుసటి రోజు సంగటిలోకి అమ్మ చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరింది. నాయన నోట్లో పెట్టుకుని, "మ్మే, అప్రీషియేట్ చేస్తాండా," అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. "ఏందది, నన్ను తిడతాండావా?"

నాకు నవ్వు ఆగలేదు. అర్థం చెప్పినా అమ్మ నమ్మలేదు. "ఈ మనిషి మెచ్చుకునేదే? అదీ ఇంగ్లీషులో?" అంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ప్లాట్లు అమ్మే బ్రోకరు ఒకాయన మా అరుగు మీద కూర్చుని, "కొత్త రోడ్డు పడితే ఈడ స్థలాలు శానా అప్రీషియేట్ అవుతాయప్పా," అని చెప్పిపోయాడు. నాయన అయోమయంగా నా వైపు తిరిగాడు.

"స్థలం ఎవుర్ని మెచ్చుకుంటాదమ్మా?"

ఆ మాటకు మూలం విలువేనని చెప్పాను. ఒకదాని విలువ మనం గుర్తిస్తే దాన్ని అప్రీషియేట్ చేసినట్టు, దాని విలువే పెరిగితే అది అప్రీషియేట్ అయినట్టు. క్లాసులో పిల్లలకు ఎన్నోసార్లు చెప్పిన ముక్కే. నాయన మాత్రం చాలాసేపు వంటింటి వైపు చూస్తూ కూర్చున్నాడు.

మా చర్చిలో ఆదివారం పూట సాక్ష్యాలు చెబుతారు. దేవుడు చేసిన మేలు పంచుకోవాలనుకున్నవాళ్లు లేచి నిలబడతారు. నాయన ఎన్నడూ లేవలేదు. ఆ ఆదివారం లేచాడు. ఏ దెబ్బా తగలకుండా గని పని ముగిసినందుకు స్తోత్రం చెప్పి, "ఇంగోటి. నా భార్యను నేను అప్రీషియేట్ చేస్తాండా," అన్నాడు.

ఆడవాళ్ల వైపు గుసగుసలు మొదలయ్యాయి. ముందు కూర్చున్న ముసలాయన, "తెలుగులో చెప్పప్పా, మాకు అర్థం కాలే," అన్నాడు.

నాయన గొంతు సవరించుకున్నాడు. "నేను పనిలోంచి ఒళ్లంతా దుమ్ముతో వస్తాంటి. ఆమె నీళ్లు కాచిపెట్టి కాసుకోనుండేది. ఒక్కపొద్దన్నా విసుక్కోలే. ఆమె విలువ నాకు తెలుసు. ఎట్ల చెప్పాల్నో తెలీలే. ఇప్పుడు చెప్తాండా."

అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కనే కూర్చున్న నాకు ఆమె భుజాలు కదలడం తెలుస్తోంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పాస్టరుగారు మెల్లగా పాట అందుకున్నారు.

ఇల్లు చేరాక అమ్మ కోడికూర వండింది. నాయన ఎప్పటిలాగే తలవంచుకుని తినసాగాడు. అమ్మ గిన్నె పక్కన పెట్టి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఏమి, నోరు లేదా? ఎట్లుండాదో చెప్పు."

నాయన తలెత్తాడు. "శానా బాగుండాది మ్మే."

"ఉప్పు?"

"సరిపోయిండాది."

అమ్మ అప్పటికి వదిలిపెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరు తింటున్నా ఎదురుగా కూర్చుని అడుగుతుంది. సెలవులకు వెళ్తే నేనూ జవాబు చెప్పాల్సిందే.